లేత ఫ్రెంచ్ రెడ్ వైన్: రోన్, బోర్డో, కోర్బియేర్, బాందోల్... ఏ సీసా ఎవరికి?

సెప్టెంబర్ వచ్చిందంటే ఫ్రాన్స్‌లో సూపర్‌మార్కెట్లు వైన్ సంతలైపోతాయి. 'ఫొయిర్ ఓ వాన్' అని బ్యానర్లు కడతారు, చెక్కపెట్టెలు దారికి అడ్డంగా పేరుస్తారు. తులూజ్‌లో మేముండే చోటా అంతే. అలాంటి ఒక సాయంత్రం ఆ పెట్టెల మధ్య నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఇక్కడ అన్నీ ఎర్రగానే ఉన్నాయి, అన్నిటి మీదా 2022, 2023 అనే ఉంది. ఏడు యూరోలదీ ఉంది, ఇరవై రెండు యూరోలదీ ఉంది. ఏది తీసుకోను?"

"ఎప్పుడు తాగుతావ్‌రా?"

"ఇవాళ రాత్రికే."

అయితే ఏడు యూరోల రోన్ తెచ్చుకోమన్నాను. వినలేదు. ఇరవై రెండు యూరోల మెదోక్ (బోర్డోలో ఒక ప్రాంతం) రెండు సీసాలు తెచ్చి, ఒకటి ఆ రాత్రే గుంటూరు కారం దట్టించిన మటన్ కూర పక్కన తెరిచాడు. మొదటి గుటకకే మొహం ముడుచుకుపోయింది. "పచ్చి నేరేడుకాయ నమిలినట్టుంది, మోసం చేశారు" అన్నాడు. ఎవరూ మోసం చేయలేదు. ఆ వైన్ మంచిదే. లేతది, అంతే. ఇంకా కొన్నేళ్లు ఆగమని అడిగే సీసాని ఆ రాత్రికే తెరిచాడు. పైగా దానికి అస్సలు పడని తిండి పక్కన పెట్టాడు.

ఇలా ఇరుక్కునే వాళ్ల కోసమే ఈ పోలిక. అన్నీ బ్లెండ్లే, అంటే రెండు మూడు రకాల ద్రాక్ష కలిపి చేసినవే. అన్నీ కోత కోసి రెండు నుంచి నాలుగేళ్లయినవే. తాగని వాళ్లను తాగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కొనబోతున్న వాళ్లు డబ్బులు వృథా చేసుకోకూడదనే.

## ముందు ఏం చూడాలి

లేత వైన్ రుచి చూడటంలో మనకు ఒక సౌకర్యం ఉంది, తెలుగు. వైన్ పుస్తకాలు పేజీలకు పేజీలు ఖర్చుపెట్టి వివరించే విషయానికి మన దగ్గర ఒక్క మాటుంది: వగరు. షడ్రుచుల్లో దానికో పీట వేసి కూర్చోబెట్టాం. పచ్చి అరటికాయ, వక్క, కరక్కాయ, నేరేడు, పాలు పోయని టీ డికాక్షన్ తెలిసిన నాలుకకు టానిన్ అంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. టానిన్లు ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి, కాడ నుంచి, కొంత ఓక్ పీపా నుంచి వస్తాయి. నోట్లో లాలాజలంలోని ప్రోటీన్లకు అంటుకుని ఆ జారుడుతనాన్ని లాగేస్తాయి. అందుకే నాలుక ఇసుక కాగితంలా అవుతుంది.

లేత ఎర్ర వైన్‌లో వగరు ఉండటం తప్పు కాదు. ఎలాంటి వగరు అన్నదే అసలు ప్రశ్న. కోతకు వారం ముందు కోర్బియేర్‌లో ఒక రైతు తన తోటలో గుత్తి తెంచి నా చేతిలో పెట్టి, గింజ కొరకమన్నాడు. పచ్చగా ఉన్న గింజ కొరికితే చేదు, వగరు కలిసి చిగుళ్ల దాకా పట్టేసింది. నాలుగు వరుసల అవతల ఎండ బాగా పడే చోట ఇంకో గింజ ఇచ్చాడు. గోధుమ రంగుది, కరకరలాడింది, వేయించిన పప్పుగింజ లాంటి రుచి. "ఈ రెండోది వయసుతో మెత్తబడుతుంది, ఆ మొదటిది ఎప్పటికీ మెత్తబడదు" అన్నాడు. సీసాలో పసిగట్టాల్సింది ఇదే. పండిన వగరు నాలుక మీద సమంగా పరుచుకుంటుంది, వెనకాల పండు రుచి నిలబడి ఉంటుంది. పచ్చి వగరు చిగుళ్లకు, పెదాల లోపలికి పట్టి, చివర్లో చేదు వదిలిపెడుతుంది. పండిన వగరుకి పేరు లేతదనం, కాలం దాన్ని బాగుచేస్తుంది. పచ్చి వగరు లోపం. దాన్ని ఎన్నేళ్లు దాచినా లాభం లేదు.

మిగతావి గబగబా చెబుతాను.

పులుపు: గుటక వేశాక (లేదా ఉమ్మేశాక) తల కాస్త కిందికి వంచండి. దవడల పక్క నుంచి ఎంత నీరూరితే అంత పులుపు ఉన్నట్టు. వగరు నోరు ఎండబెడుతుంది, పులుపు నీరూరిస్తుంది. కొత్తవాళ్లు ఈ రెండింటినీ కలిపేసి 'ఘాటుగా ఉంది' అనేస్తారు.

ఆల్కహాల్: గొంతులో, ఛాతీ పైన వెచ్చగా తగిలేది. సీసా మీద 13 శాతం ఉందా, 15 ఉందా చూడకుండా కొనకండి.

పండు, ఓక్: గ్లాసులో ముక్కు పెట్టగానే ముందు పండు తగలాలి. వెనిల్లా, కాల్చిన కొబ్బరి, కాఫీ లాంటి వాసనే ముందు తగిలితే అది కొత్త పీపా మాట్లాడుతోందని అర్థం. పండు గట్టిగా ఉంటే కొన్నేళ్లలో ఆ రెండూ కలిసిపోతాయి. పండు పల్చగా ఉంటే చివరికి మిగిలేది చెక్కే.

నిలకడ: రుచి నోట్లో ఎన్ని సెకన్లు ఉంటుందో లెక్కపెట్టండి. ఫ్రెంచ్ వాళ్లు ఆ ఒక్కో సెకనునీ 'కోదలీ' అంటారు. నాలుగైదు దగ్గర ఆగిపోతే రోజువారీ వైన్. పది దాటితే దాచే ఆలోచన చేయొచ్చు. అయితే లెక్కపెట్టాల్సింది పండు రుచిని. వగరు ఎలాగూ చాలాసేపు ఉంటుంది.

రంగు గురించి మా స్నేహితులు ఎక్కువ మాట్లాడతారు, నేను తక్కువ చూస్తాను. తెల్ల కాగితం మీద గ్లాసు వంచితే లేత వైన్ అంచు ఊదాగా ఉంటుంది, ముదిరేకొద్దీ ఇటుక రంగు వైపు వెళ్తుంది. రెండేళ్ల వైన్ అంచు అప్పుడే ఇటుక రంగులో ఉంటే అనుమానించండి. అంతకు మించి రంగుతో పెద్ద పని లేదు. చిక్కటి రంగు అంటే మంచి వైన్ అని కాదు. గ్రనాష్ అనే ద్రాక్ష రకం రంగు సహజంగానే పల్చగా ఉంటుంది.

## మూడు రాత్రుల పరీక్ష

ఆ మటన్ రాత్రి తర్వాత నేనొక పని చేశాను. నాలుగు సీసాలు కొని శుక్రవారం సాయంత్రం ఒకేసారి తెరిచాను: 2023 కోత్ దు రోన్, 2022 మెదోక్, 2022 కాస్తియోన్ (ఇదీ బోర్డోదే), 2023 కోర్బియేర్. ఒక్కోదాంట్లో మూడో వంతు తాగి, మళ్లీ కార్క్ పెట్టి వంటింట్లో చల్లటి మూల ఉంచాను. శనివారం కొంత, ఆదివారం కొంత. గాలి తగిలిన సీసా రెండు మూడు రోజుల్లో ఎటు వెళ్తుందో చూస్తే, ఏళ్లలో ఎటు వెళ్తుందో కొంత ఊహించొచ్చు. రెండూ ఒకటే కాదు, కానీ ఇంట్లో చేయగలిగిన పరీక్షల్లో నాకు ఇంతకంటే పనికొచ్చింది ఇంకోటి లేదు. మొదటి రోజే అదిరిపోయి మూడో రోజుకి చప్పబడితే ఇప్పుడు తాగేయాల్సిన వైన్. మొదటి రోజు మూసుకుపోయి మూడో రోజు విచ్చుకుంటే దాచదగ్గది. మూడు రోజులూ పచ్చిగానే ఉంటే, ఇందాక చెప్పిన పచ్చ గింజ.

వేడి సంగతి మరిచిపోవద్దు. ఎర్ర వైన్‌ని 'గది ఉష్ణోగ్రత'లో తాగాలనే మాట హీటర్లు లేని పాత ఫ్రెంచ్ ఇళ్ల నాటిది, అంటే 16 నుంచి 18 డిగ్రీలు. 28 డిగ్రీల గదిలో తాగితే ఆల్కహాల్ ఒక్కటే తెలుస్తుంది. ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. మరీ చల్లబడితే వగరు ఇంకా గరుకుగా తగులుతుంది, కాబట్టి అక్కడే మర్చిపోవద్దు. రుచి చూసేటప్పుడు ఉమ్మేయడానికి ఒక మగ్గు పెట్టుకోండి, సిగ్గేం లేదు. ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఉమ్ముతారు. నాలుగు వైన్లు మింగుతూ పోతే నాలుగోది ఎప్పుడూ బాగానే ఉంటుంది.

## కోత్ దు రోన్: ఇవాళ్టి సీసా

దక్షిణ రోన్ లోయ బ్లెండ్‌లో పెద్దన్న గ్రనాష్. తీపి వాసన, ఒంటి నిండా ఆల్కహాల్, తక్కువ వగరు, పల్చటి రంగు. గాలి తగిలితే తొందరగా డీలా పడుతుంది. అందుకే దాన్ని చిన్న ఓక్ పీపాల్లో కాకుండా సిమెంట్ తొట్లలో, పెద్ద పాత పీపాల్లో ఉంచుతారు. దానికి తోడుగా కలిపే 'సిరా' అనే ద్రాక్ష రంగునీ మిరియాల వాసననీ తెస్తుంది. మూర్వెద్ర్ అనే ఇంకో రకం వెన్నెముకలా నిలబెడుతుంది. మిరియాల వాసన అంటే పోలిక కోసం అన్న మాట కాదు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే సిరా తొక్కలోనూ ఉంటుంది. కొంతమంది ముక్కుకి ఆ వాసన అసలు తెలియదు. పక్కవాడు 'మిరియాలు' అంటుంటే మీకేమీ తగలకపోతే కంగారు పడకండి.

నా 2023 సీసా శుక్రవారం రాత్రి మిగతా మూడింటినీ వెనక్కి నెట్టేసింది. స్ట్రాబెరీ జామ్, కొంచెం మిరియం, నోట్లో గుండ్రంగా తిరిగింది. వగరు వచ్చీరానట్టు. శనివారం కాస్త తీపెక్కినట్టనిపించింది. ఆదివారానికి కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన. మొత్తం కథ మొదటి రోజే అయిపోయింది. ఏడున్నర యూరోలకు అది ఫిర్యాదు చేయాల్సిన విషయం కాదు.

దీనికున్న అసలు ఇబ్బంది ఆల్కహాల్. వేడి సంవత్సరాల్లో 14.5, 15 దాకా పోతుంది. పండు మెత్తదనం వల్ల ఆ సంగతి మొదటి గ్లాసులో తెలియదు, మర్నాడు పొద్దున తెలుస్తుంది. ఇదే కుటుంబంలో ఒక మెట్టు పైకి ఎక్కాలంటే కోత్ దు రోన్ విలాజ్ అని, పక్కన ఊరి పేరు కూడా ఉన్న సీసా చూడండి. రెండు మూడు యూరోల తేడాకు వచ్చే లాభం ఇక్కడ బాగా కనిపిస్తుంది. జిగోందాస్, షాతోనెఫ్ దు పాప్ దాకా వెళ్తే లేతగా తెరవడం దండగ. వాటిని ఐదారేళ్లు ఆగి తెరవడం మంచిది.

## బోర్డో: ఒకే పేరు, రెండు గట్లు

మా ఇంటి దగ్గర పారే గారోన్ నదే బోర్డో మీదుగా వెళ్లి, దోర్దోన్య్‌ని కలుపుకుని, జిరోంద్ అనే పేరుతో అట్లాంటిక్‌లో పడుతుంది. ఎడమ గట్టున మెదోక్‌లో గులకరాళ్ల నేల. రాళ్లు ఎండ వేడిని పట్టి ఉంచుతాయి, నీళ్లు నిలవవు, ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యోన్ అక్కడ పండగలదు. కుడి గట్టున, అంటే దోర్దోన్య్‌కి కుడివైపు, సెంటెమిలియోన్, ఫ్రోన్సాక్, కాస్తియోన్‌ల దగ్గర బంకమట్టి, సున్నపురాయి. అక్కడ మెర్లో రాజ్యం. మెర్లో ముందు పండుతుంది, కాబర్నే తర్వాత పండుతుంది. సముద్రం గాలి, ఎప్పుడు పడుతుందో తెలియని వాన, వసంతంలో మంచు దెబ్బ ఉన్న చోట ఒకే రకాన్ని నమ్ముకున్న రైతు ఒక్క రాత్రిలో మునిగిపోతాడు. బోర్డో బ్లెండ్ రుచి కోసం పుట్టిందని అంటారు గానీ, నా లెక్కలో అది మెట్ట రైతు కందినీ జొన్ననీ కలిపి వేయడం లాంటిదే. ముందు భద్రత, రుచి ఆ తర్వాత.

అందుకే ఇక్కడ సీసా మీద సంవత్సరం చాలా ముఖ్యం. 2021లో ఏప్రిల్ మంచు, చల్లటి వేసవి. వైన్లు తేలిగ్గా, పుల్లగా ఉంటాయి, ఆల్కహాల్ తక్కువ. లేతగా తాగడానికి నాకు అవే సుఖంగా అనిపిస్తాయి. 2022 ఎండలు మండిన సంవత్సరం, పండు చిక్కన, వగరూ చిక్కన. 2023లో బూజు తెగులు మెర్లోని బాగా వేధించింది, తోటకీ తోటకీ తేడా ఉంటుంది. 2024 వానల సంవత్సరం, తేలికపాటి వైన్లు.

మా బావమరిది తెచ్చిన మెదోక్‌నే మళ్లీ నా పరీక్షలో పెట్టాను. శుక్రవారం: చెక్కిన పెన్సిల్ వాసన, వెనకాల ఎక్కడో నేరేడు, నోట్లో గోడ కట్టినట్టు వగరు. ఇరవై రెండు యూరోలు గుర్తొచ్చి నాకూ బాధేసింది. శనివారం గోడలో కిటికీ తెరుచుకుంది. ఆదివారం మధ్యాహ్నం, ఓవెన్‌లో వండిన గొర్రె తొడ పక్కన, నాలుగు సీసాల్లో ముందుగా ఖాళీ అయింది అదే. వగరు పోలేదు, కానీ పట్టుగుడ్డలా మారింది. పండు రుచి పన్నెండు వరకు లెక్కపెట్టాను.

మెదోక్ లేతగా కొనేటప్పుడు ఒక్క వాసనని పట్టుకోండి: పచ్చి క్యాప్సికం కోసినప్పుడు వచ్చేది. కాస్త తగిలితే కాబర్నే స్వభావం, బాగానే ఉంటుంది. అదే ముందుకొచ్చి కూర్చుని, చిగుళ్లు పట్టే వగరు కూడా ఉంటే ద్రాక్ష పండలేదని అర్థం. ధర ఎంతున్నా వదిలేయండి.

కాస్తియోన్ మాత్రం పన్నెండు యూరోలకే నన్ను ఆశ్చర్యపరిచింది. మొదటి రోజే ఆల్‌బుఖారా, కోకో పొడి. శనివారం నాలుగింటిలో అదే బెస్ట్. ఆదివారానికి అలసిపోవడం మొదలైంది. సెంటెమిలియోన్ పేరుకు డబ్బులు పోసే బదులు, దానికి దగ్గర్లోనే ఉన్న కాస్తియోన్, ఫ్రోన్సాక్‌ల వైపు చూడమనే నా సలహా. బోర్డో కావాలి, మరీ ఎక్కువేళ్లు ఆగలేం అనేవాళ్లకు సరిపోయే మధ్యేమార్గం ఇదే. మెర్లోతో ఇబ్బంది వేడి సంవత్సరాల్లో వస్తుంది. చక్కెర ఎక్కువై ఆల్కహాల్ పైకి పోతుంది, పులుపు పడిపోతుంది. వాతావరణం మారుతోందని అక్కడి వాళ్లకీ తెలుసు. 2021లో మర్సెలాన్, తురీగా నాసియొనాల్ లాంటి కొత్త రకాలకు బోర్డోలో అనుమతి ఇచ్చారు. తోటలో 5 శాతం, బ్లెండ్‌లో 10 శాతం దాటకూడదని షరతు.

బోర్డో వాళ్లు ఏటా వసంతంలో, కోత అయిన ఆరునెలలకే, ఇంకా పీపాలో ఉన్న వైన్‌ని వ్యాపారులకూ విమర్శకులకూ రుచి చూపించి అమ్మేస్తారు. దాన్ని 'ఆన్ ప్రిమర్' అంటారు. చివరి బ్లెండ్ కూడా ఒక్కోసారి ఖాయం కాని దశ అది. అప్పుడిచ్చిన మార్కుల్ని సీసా మెడకు తగిలించి అమ్ముతుంటే, అవి పిందెని చూసి మామిడిపండుకి వేసిన మార్కులని గుర్తుంచుకోండి.

## కోర్బియేర్: కొండ వాసన

తులూజ్ నుంచి గంటన్నర కారు ప్రయాణం. రాళ్ల కొండలు, గాలి, ఎక్కడ కాలు పెట్టినా పొడి పొదల వాసన. ఆ పొదల్ని 'గారిగ్' అంటారు. వాటిలో థైమ్ ఎక్కువ. మన వాములో ఉండే థైమోల్ దానిలోనూ ఉంటుంది కాబట్టి మొదటిసారి కోర్బియేర్ గ్లాసులో ముక్కు పెట్టినప్పుడు నాకు అమ్మమ్మ ఇంటి వాము డబ్బా గుర్తొచ్చింది.

ఇక్కడి పాత కాపు కరిన్యాన్. పులుపూ వగరూ రెండూ ఎక్కువున్న మొరటు ద్రాక్ష. దాన్ని మచ్చిక చేసుకోవడానికి చాలామంది గుత్తుల్ని చిదమకుండా, కార్బన్ డయాక్సైడ్ నింపిన తొట్లలో వేస్తారు. పులియడం ద్రాక్షపండు లోపలే మొదలవుతుంది. రంగు, పండు వాసన వస్తాయి, వగరు అంతగా రాదు. గ్రనాష్, సిరా దీనికి తోడు. నా 2023 సీసా శుక్రవారం ఎలా ఉందో ఆదివారం దాదాపు అలాగే ఉంది. గొప్పగా ఎదగలేదు, పడిపోనూ లేదు. ఎనిమిది యూరోలు. వారం మధ్యలో ఒక గ్లాసు పోసుకుని మిగతాది రేపటికి దాచుకునే ఇంటికి ఇదే సరైనది.

తేడా ఎక్కువ ఇక్కడే వస్తుంది. ఒకే ధరకు ఒకటి బ్రహ్మాండంగా ఉంటుంది, పక్కది ఉడికించిన జామ్‌లా ఉంటుంది. పెట్టె కొనేముందు తప్పకుండా ఒకటి తెరిచి చూడండి.

## బాందోల్: ఓపికున్న వాళ్లకి మాత్రమే

ప్రొవాన్స్ తీరంలో చిన్న ప్రాంతం, 1941 నుంచి ఏఓసీ, అంటే నియమాలతో చట్టం గుర్తించిన ప్రాంతం పేరు. ఎర్ర బాందోల్‌లో కనీసం సగం మూర్వెద్ర్ ఉండాలి, కనీసం 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. కాళ్లు నీళ్లలో, తల ఎండలో ఉంటేనే పండే ద్రాక్ష అని దాని గురించి అక్కడివాళ్లు చెబుతారు. లేతగా తెరిస్తే తోలు, నల్ల ఆలివ్, మూసిన తలుపు. ఒకసారి వారం మొత్తం ఒకే సీసాతో గడిపాను. ఐదో రోజుకి మాట్లాడింది. ఎనిమిది, పదేళ్లు దాచే చోటు లేకపోతే కొనకండి.

## ఒక్క చూపులో

| ప్రాంతం | ముఖ్య ద్రాక్ష | లేతగా వగరు | మామూలుగా ఆల్కహాల్ (%) | సుమారు ధర (యూరోలు) | ఎప్పుడు తెరవాలి |
|---|---|---|---|---|---|
| కోత్ దు రోన్ | గ్రనాష్, సిరా | తక్కువ | 13.5–15 | 6–10 | ఇవాళే |
| కోర్బియేర్ | కరిన్యాన్, సిరా, గ్రనాష్ | మధ్యస్థం | 13–14.5 | 6–12 | ఇవాళ, లేదా రెండు మూడేళ్లలో |
| కాస్తియోన్, ఫ్రోన్సాక్ | మెర్లో, కాబర్నే ఫ్రాన్ | మధ్యస్థం | 13.5–15 | 10–15 | మూడేళ్ల నుంచి |
| మెదోక్ | కాబర్నే సోవిన్యోన్, మెర్లో | ఎక్కువ | 13–14 | 12–25 | ఆరేళ్ల తర్వాత |
| బాందోల్ | మూర్వెద్ర్ | చాలా ఎక్కువ | 13.5–15 | 18–30 | ఎనిమిదేళ్ల తర్వాత |

'ఎప్పుడు తెరవాలి' అన్న గడిలో లెక్క కోత సంవత్సరం నుంచి. ధరలు ఇక్కడి అల్మారాల్లో నాకు కనిపించేవి.

## లేతదనమా, పాడైందా?

లేత సీసా తెరవగానే కాలిన అగ్గిపుల్ల వాసన, కొంచెం కుళ్లిన గుడ్డు వాసన రావొచ్చు, ముఖ్యంగా సిరా, మూర్వెద్ర్ ఉన్నవాటిలో. గాలి అందక అలా అవుతుంది. జగ్గులోకి ఎత్తు నుంచి పోసి అరగంట ఆగితే చాలాసార్లు పోతుంది. పారబోయకండి.

తడిసిన అట్టపెట్టె వాసన వేరు. అది కార్క్ జబ్బు, గాలి తగిలేకొద్దీ ఇంకా బయటపడుతుంది, పండు రుచిని తినేస్తుంది. బిల్లు ఉంటే షాపుకి పట్టుకెళ్లండి, మార్చి ఇచ్చేవాళ్లు ఉంటారు. నెయిల్ పాలిష్, వెనిగర్ గుప్పున కొడితే అదీ పోదు. తేడా ఎలా తెలుస్తుందంటే, గంట ఆగి చూడటమే. తగ్గుతుంటే లేతదనం, పెరుగుతుంటే రోగం.

## తిండి పక్కన పెడితే

మా బావమరిది పొరపాటు నిజానికి సీసా ఎంచుకోవడంలో సగమే. మిగతా సగం మటన్ కూరలో ఉంది. మిరప మంటని ఆల్కహాల్ ఎగదోస్తుంది. ఆ మంటలో ఉన్న నాలుకకు వగరు రెట్టింపు గరుకుగా తగులుతుంది. లేత మెదోక్, గుంటూరు కారం ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, నష్టపోయేది నాలుక.

మన కారపు కూరలతోనే తాగాలనుకుంటే కోర్బియేర్ తీసుకోండి. 13 శాతం దగ్గర ఉన్నది వెతికి, 14 డిగ్రీలకు చల్లబరచండి. కోత్ దు రోన్ కూడా పనికొస్తుంది గానీ 15 శాతం ఉన్నది వద్దు. మెదోక్, బాందోల్‌లకు కొవ్వు, ప్రోటీన్, ఉప్పు కావాలి. డికాక్షన్‌లో పాలు పోస్తే వగరు ఎందుకు తగ్గుతుందో ఇదీ అందుకే. పాల ప్రోటీన్లు టానిన్లను పట్టేసుకుంటాయి, నాలుక మీద పడేవి తగ్గుతాయి. ముదిరిన గట్టి చీజ్, ఓవెన్‌లో వండిన మాంసం చేసే పనీ అదే. శాకాహారులు కారం తగ్గించిన పుట్టగొడుగుల వేపుడు, నెయ్యి వేసిన ముద్దపప్పు పెట్టి చూడండి. ముద్దపప్పు, కాస్తియోన్ కలిపి చూసినప్పుడు నవ్విన మా ఆవిడ రెండో గ్లాసు అడిగింది.

పదిమంది వచ్చే పార్టీ అయితే ఆలోచించకండి, రోన్. వైన్ గురించి పట్టింపు ఉన్న ఫ్రెంచ్ మేనేజర్ ఇంటికి భోజనానికి వెళ్తున్నారా? ఫ్రోన్సాక్ పట్టుకెళ్లండి. పేరున్న చోటుకి డబ్బు పోసినవాడి కన్నా, పక్క ఊరు తెలిసినవాడంటే వాళ్లకి గౌరవం. పిల్ల పుట్టిన సంవత్సరం సీసా దాచాలనుకునే వాళ్లకు మెదోక్ లేదా బాందోల్, అదీ ఎండాకాలంలో 20 డిగ్రీలు దాటని చోటు ఉంటేనే.

## సీసా మీది మాటలు

'గ్రాన్ వాన్ ద బోర్డో' అన్న అక్షరాలకు నాణ్యత హామీ ఏమీ లేదు. 'వియే విన్య్', అంటే పాత తీగలు, ఎన్నేళ్లవో చట్టం చెప్పదు. అందరూ పడే గొయ్యి 'సెంటెమిలియోన్ గ్రాన్ క్రూ'. అది విడిగా ఒక ఏఓసీ పేరు, వర్గీకరణలో దక్కిన ర్యాంకు కాదు. ర్యాంకు ఉంటే 'క్లాసే' అన్న మాట కూడా ఉంటుంది. మెదోక్‌లో 'క్రూ బుర్జ్వా' కొంత పనికొచ్చే గుర్తు. ఇప్పుడు దానిలో మూడు మెట్లున్నాయి, వైన్‌ని రుచి చూసే ఇస్తారు.

ఇంటికెళ్తూ సూట్‌కేసులో పట్టుకెళ్లే వాళ్లకు ఒక మాట. భారత్‌లోకి పన్ను లేకుండా తలకి రెండు లీటర్లే, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. 'నాన్నగారికి దాచిపెట్టుకునేందుకు' అని మెదోక్ తీసుకెళ్లి హైదరాబాద్ మే నెలలో బీరువా మీద పెట్టిస్తే, ఆ వేడికి కార్క్ పైకి తన్నుకొచ్చి, పండు ఉడికిపోయి, ఆరేళ్ల తర్వాత తెరిచేసరికి ఏమీ మిగలదు. ఒక రోన్, ఒక కోర్బియేర్ పెట్టుకోండి. దిగిన వారంలోపు తెరిచేయండి.